నీళ్ళ మీద రోడ్డు పడింది, పట్టాలు ఎందుకు పడలేదు?

ఖోబర్, దమ్మాం వైపు పని చేసేవాళ్ళకి కింగ్ ఫహద్ వంతెన గురించి చెప్పక్కర్లేదు. వారాంతం వస్తే బహ్రెయిన్ వైపు కార్లు బారులు తీరతాయి. కానీ ఆ 25 కిలోమీటర్ల దారి వెనక ఎన్నేళ్ళ కథ ఉందో చాలామందికి తెలీదు. కాస్త ఓపిగ్గా చదవండి.

1954లో సౌదీ రాజు సౌద్ బహ్రెయిన్ వెళ్ళినప్పుడు ఈ ఆలోచన మొదలైందంటారు. ఆ తర్వాత కమిటీలు, సర్వేలు, ప్రపంచ బ్యాంకు అధ్యయనం. 1973లో రాజు ఫైసల్ తేల్చేశాడు: లాభనష్టాల లెక్క పక్కన పెట్టి, కట్టడం ఎలాగో చూడండి అని. 1981 మే 25న ఆరు దేశాలు కలిసి గల్ఫ్ సహకార మండలి పెట్టుకున్నాయి. ఆరు వారాలకే, జులై 8న, వంతెన ఒప్పందం మీద సంతకాలు పడ్డాయి. 1986 నవంబర్‌లో దారి తెరిచారు. ఖర్చంతా సౌదీదే.

లోతు తక్కువ ఉన్నచోట కట్ట పోశారు, లోతున్నచోట వంతెన వేశారు. మధ్యలో ఒక దీవిని కట్టి, రెండు దేశాల పాస్‌పోర్ట్, కస్టమ్స్ ఆఫీసులు అక్కడే పెట్టారు. రోడ్డుతో పాటే సరిహద్దు ఎక్కడ, తనిఖీ ఎలా అన్నది కూడా ప్లాన్‌లోనే తేలిపోయింది. అసలు తెలివి అదే.

ఇప్పుడు రైలు సంగతి చూడండి. కువైట్ నుంచి మస్కట్ దాకా ఆరు దేశాల మీదుగా 2,117 కిలోమీటర్లు. 2009 డిసెంబర్‌లో కువైట్ సమావేశంలో ఒప్పుకున్నారు. 2018కి అన్నారు, అది దాటిపోయింది. ఇప్పుడు 2030 అంటున్నారు.

ఎందుకిలా? ఎవరి ముక్క వాళ్ళే వేసుకోవాలి. పట్టాల వెడల్పు, సిగ్నళ్ళు, కస్టమ్స్ రూల్స్ అన్నీ కలవాలి. 2014 తర్వాత చమురు ధర పడిపోయింది, డబ్బులు బిగిశాయి. ఎగువ రైతు కాలవ తవ్వకుండా మనం మన పొలంలో తవ్వి ఏం లాభం? నీళ్ళు రావు కదా. ఇదీ అంతే.

అన్నిటికన్నా పెద్దది నమ్మకం. 2017 జూన్‌లో గొడవ వచ్చి సౌదీ సల్వా సరిహద్దు మూసేసింది. ఖతార్‌కి భూమి మీద ఉన్న దారి అదొక్కటే. లారీల్లో వచ్చే పాలు, కూరగాయలు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఓడల్లో, విమానాల్లో తెప్పించుకున్నారు. 2021 జనవరిలో గానీ ఆ గేటు తెరుచుకోలేదు. ఒక్క సంతకంతో మూతపడే దారి మీద కోట్లు పోయాలంటే ఎవరికైనా వెనకాముందూ ఉంటుంది.

అయితే కథ ఆగిపోలేదు. ఎమిరేట్స్‌లో సౌదీ సరిహద్దు గువైఫాత్ నుంచి ఫుజైరా దాకా 2023లో గూడ్స్ రైలు నెట్‌వర్క్ మొదలైంది. ఒమన్‌లోని సొహార్ నుంచి అబుధాబికి 238 కిలోమీటర్ల లైన్ పని పట్టారు. ఆరుగురూ ఒక్కమాట మీదకి వచ్చేలోపు ఇద్దరు ముందు కలిశారు. వంతెన కూడా అలాగే కదా వచ్చింది.

ఇక మన సంగతి. ఈ దేశాల పౌరులు ఐడీ కార్డు చూపించి సరిహద్దు దాటేస్తారు. సౌదీలో కూలి పనికి వచ్చినవాడికి మాత్రం ఎగ్జిట్ రీ-ఎంట్రీ కావాలి, అవతలి దేశం వీసా కావాలి. రోడ్డు, రైలు ఇనుముతో, కాంక్రీటుతో పడతాయి. వాటి మీద ఎవరు వెళ్ళొచ్చో మాత్రం కాగితమే చెప్తుంది. రైలు ప్లాన్ వేసేవాళ్ళు టన్నుల లెక్కతో పాటు, ఆ పట్టాలు మోసే మనిషి లెక్క కూడా ఒక వరసలో రాసుకుంటే బాగుంటుంది.