మసి మారింది, శుభ్రం చేసే తీరూ మారాలి

పాతబస్తీ గోడలకు మసి కొత్త కాదు. 1591లో చార్మినార్ లేచిన నాటి నుంచి ఆముదం దీపాలు, కట్టెల పొయ్యిలు ఇళ్ల కప్పులను నల్లబరుస్తూ వచ్చాయి. దానికి విరుగుడు సున్నం. పండగ ముందు బూజు, మసి దులిపి, నీలిమందు కలిపిన సున్నం కొట్టేవారు. అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని గట్టిపడుతుంది. పై పూత పాడైతే మళ్లీ వేసుకోవచ్చు, లోపలి గోడ చెక్కుచెదరదు. పెద్ద కట్టడాలదీ అదే దారి. పిడుగుపడి కూలిన చార్మినార్ మినారును సుమారు 60 వేల రూపాయలతో బాగుచేశారు. 1824లో లక్ష రూపాయలు పెట్టి కట్టడానికి కొత్తగా గచ్చు పూయించారు.

వాహనాలు పెరిగాక ఈ పద్ధతికి పరిమితి తెలిసొచ్చింది. పొగలోని గంధక వాయువు సున్నంతో కలిసి జిప్సంగా మారుతుంది. ఆ పొరలో మసి ఇరుక్కుని నల్లటి పెచ్చు కడుతుంది. దానిమీద సున్నం పూస్తే సరిపోదు, ముందు పెచ్చును జాగ్రత్తగా తీయాలి.

ఇళ్లలో కాలే వస్తువులు మారడంతో సమస్య ఇంకా ముదిరింది. కరెంటు వైర్ల పీవీసీ తొడుగు కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వెలువడుతుంది. తేమ తగిలితే అది ఆమ్లమై లోహాన్ని తినేస్తుంది. ఇంట్లో నిండే పొగ ఎంత ప్రాణాంతకమో 2025 మే 18న గుల్జార్‌హౌజ్ దగ్గర ఒక భవనంలో జరిగిన అగ్నిప్రమాదం కళ్లకు కట్టింది. ఇరుకు దారి ఉన్న ఆ భవనంలో 17 మంది చనిపోయారు. ఎక్కువమందిని బలిగొన్నది మంట కాదు, పొగ.

ఇలాంటి పొగ వదిలే మసీ ప్రమాదకరమే. అందుకే మంట ఆరిన ఇంట్లోకి బకెట్టు, చీపురు పట్టుకుని దిగకూడదు. చీపురు ఊడిస్తే సన్నని మసి గాల్లోకి లేచి ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. నీళ్లు కొడితే మసి గోడ రంధ్రాల్లోకి ఇంకుతుంది. ముందు కట్టడం నిలకడగా ఉందో లేదో నిపుణులు చూడాలి, కరెంటు కట్టేయాలి. మంచి మాస్కు, చేతులకు గ్లౌజులు వేసుకుని, సన్నని కణాలను పట్టే హెపా ఫిల్టర్ ఉన్న వాక్యూమ్‌తో మసిని లాగాలి. పొడి రబ్బరు స్పాంజితో అద్దాలి. ఆ తర్వాతే తేలికపాటి సబ్బునీళ్లు. ఏసీలు, ఫ్యాన్లు మెకానిక్ చూడకుండా వేయకూడదు. పాత సున్నపు గోడ పూర్తిగా ఆరాక మళ్లీ సున్నమే పూయాలి. సిమెంటు, ప్లాస్టిక్ పెయింటు పూస్తే తేమ లోపలే చిక్కి గచ్చు ఊడిపోతుంది.

సున్నం మేస్త్రీ అనుభవానికి ఈ కొత్త జాగ్రత్తలు తోడు కావాలి. అగ్నిమాపక సిబ్బంది వెళ్లిపోయాక కుటుంబాన్ని ఒంటరిగా వదిలేయకుండా, మాస్కులు, వాక్యూమ్, శిక్షణ పొందిన మనుషులను బస్తీకే పంపే ఏర్పాటు నగరపాలక సంస్థ చేయాలి.