రాకకు లెక్క, పోకకు లేదు

అమెరికాలో అక్రమ వలస అనగానే మెక్సికో సరిహద్దు గోడే అందరికీ గుర్తొస్తుంది. ఎడారి దాటి, రియో గ్రాండే నది ఈది వచ్చేవారి దృశ్యాలే టీవీల్లో తిరుగుతుంటాయి. కానీ అక్కడ పత్రాలు లేకుండా బతుకుతున్నవారిలో దాదాపు సగంమంది ఏ గోడా దూకినవారు కారు. 2006లో ప్యూ పరిశోధన సంస్థ వీరి వాటా 40 నుంచి 50 శాతం దాకా ఉంటుందని అంచనా వేసింది. వీరిలో ఎక్కువమంది కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ ఇచ్చి, వీసా స్టాంపింగ్ చేయించుకుని, విమానం దిగాక అధికారి అడిగినవాటికి జవాబు చెప్పి పద్ధతిగా లోపలికి వచ్చినవారే. గడువు ముగిశాక వెనక్కి వెళ్లలేదు. దీన్నే ఓవర్‌స్టే అంటున్నారు.

దీనికి కారణం వలసదారుల నడవడిలోనే ఉందని చాలామంది నమ్ముతారు. వందేళ్ల చరిత్ర చదివితే మరో సంగతి తెలుస్తుంది. వచ్చే దారిలో కాపలా పెంచుకుంటూ పోయిన ప్రభుత్వం, వెళ్లే దారిని దాదాపు గాలికొదిలేసింది. జమ రాస్తూ ఖర్చు రాయని పద్దులో నిల్వ ఎంతో ఎప్పటికీ తేలదు. ఆ తేలని లెక్కకు మూల్యం చెల్లించినవారిలో తెలుగువాళ్లూ ఉన్నారు.

వీసా వచ్చిన కాలం

1924 వలస చట్టం విదేశీయులు బయల్దేరకముందే కాన్సులేట్‌లో వీసా తీసుకోవడాన్ని తప్పనిసరి చేసింది. అదే ఏడాది మే 28న బోర్డర్ పాట్రోల్ దళం పుట్టింది. ఎవరిని రానివ్వాలన్నదే ఆనాటి చట్టకర్తల ఆలోచన అంతా. వచ్చినవారు తిరిగి వెళ్లారో లేదో చూసే ఏర్పాటు మీద వారి దృష్టి పోలేదు.

రెండో ప్రపంచయుద్ధం అమెరికాకు దగ్గరపడుతున్నప్పుడు 1940లో విదేశీయులందరి నమోదు మొదలైంది. సుమారు 50 లక్షల మంది వేలిముద్రలిచ్చి పేర్లు రాయించుకున్నారు. 1952 చట్టం కింద ప్రతి జనవరిలోనూ తామెక్కడ ఉంటున్నదీ విదేశీయులు ఒక కార్డు మీద రాసి ప్రభుత్వానికి తెలపాలి. లక్షల కార్డులు గుట్టలుగా పేరుకున్నాయి, వాటిని చదివే నాథుడు లేడు. 1981లో ఆ పద్ధతినే ఎత్తేశారు.

ఇక మిగిలింది ఐ-94 కార్డు. పాతికేళ్ల కిందట అమెరికా వెళ్లినవారికి అది బాగా గుర్తుండే ఉంటుంది. విమానంలోనే నింపాల్సిన ఆ తెల్ల కార్డులో రెండు ముక్కలుండేవి. పై ముక్కను ఇమిగ్రేషన్ అధికారి తీసుకునేవాడు. కింది ముక్క మీద ఎప్పటిదాకా ఉండవచ్చో తేదీ వేసి పాస్‌పోర్టుకు పిన్ను కొట్టి ఇచ్చేవాడు. తిరుగు ప్రయాణంలో ఆ ముక్కను చింపి తీసుకునేది ప్రభుత్వాధికారి కాదు, విమాన సంస్థ ఉద్యోగి. అమెరికా విమానాశ్రయాల్లో దేశం విడిచేవారికి ఇమిగ్రేషన్ కౌంటర్ లేదు. మన శంషాబాద్‌లో బయల్దేరేటప్పుడు పాస్‌పోర్టు మీద ముద్ర వేస్తారు. అమెరికాలో దేశీయ, విదేశీ ప్రయాణికులు ఒకే టెర్మినల్‌లో కలిసి తిరుగుతారు. రద్దీలో ఉద్యోగి కార్డు తీసుకోవడం మరిచినా, కారులో కెనడా మీదుగా వెళ్లిపోయినా, ఆ మనిషి ప్రభుత్వ లెక్కలో ఇంకా అమెరికాలోనే ఉన్నట్టు. తీసుకున్న కార్డులను కూడా ఎక్కడికో పంపి, ఒక్కొక్కటీ కంప్యూటర్లోకి ఎక్కించాల్సిందే. చేత్తో రాసిన పేరులో ఒక్క అక్షరం తేడా పడినా, వచ్చిన కార్డుకూ వెళ్లిన కార్డుకూ జత కుదిరేది కాదు.

మూడు దెబ్బలు

ఈ డొల్లతనం మొదటిసారి 1979లో బయటపడింది. ఆ నవంబరు 4న టెహ్రాన్‌లో అమెరికా రాయబార కార్యాలయ సిబ్బందిని బందీలుగా పట్టుకున్నారు. వారం తిరక్కుండానే అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ దేశంలోని ఇరాన్ విద్యార్థులంతా ఇమిగ్రేషన్ కార్యాలయాలకు హాజరై పత్రాలు చూపాలని ఆదేశించారు. అసలు అలాంటి విద్యార్థులు ఎంతమంది ఉన్నారన్న ప్రశ్నకు ఇమిగ్రేషన్ సర్వీసు నమ్మదగిన సంఖ్య చెప్పలేకపోయింది. ఎవరు చదువుతున్నారో, ఎవరు మానేశారో, ఎవరు ఇంటికి వెళ్లిపోయారో దానికే తెలియదు.

1986లో అధ్యక్షుడు రీగన్ కాలంలో వచ్చిన చట్టం సుమారు 27 లక్షల మందికి చట్టబద్ధ నివాసం ఇచ్చి పాత లెక్కను చాలావరకు మాఫీ చేసింది. వెళ్లేవారి నమోదును మాత్రం ముట్టుకోలేదు. పైగా అదే చట్టం కొన్ని దేశాలవారు వీసా లేకుండానే రావడానికి దారి తెరిచింది.

రెండో దెబ్బ 1993 ఫిబ్రవరి 26న న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ కింద పేలిన బాంబు. బాంబు ఉన్న వ్యాన్ నడిపినవాడు స్టూడెంట్ వీసా మీద వచ్చి చదువు మానేసినవాడు. దాని ప్రభావంతో 1996 వలస చట్టంలోని 110వ సెక్షన్, రెండేళ్లలోగా ప్రతి విదేశీయుడి రాకపోకలనూ యంత్రం మీద నమోదు చేయాలని శాసించింది. కాగితం మీద చక్కగా ఉన్న ఆ మాట డెట్రాయిట్ వంతెన దగ్గర ఆగిపోయింది. కార్ల విడిభాగాల లారీలు రోజంతా అమెరికా, కెనడాల మధ్య అటూ ఇటూ తిరిగే చోట ప్రతి మనిషినీ ఆపి నమోదు చేస్తే మైళ్ల కొద్దీ వాహనాలు నిలిచిపోతాయని సరిహద్దు రాష్ట్రాలు, వ్యాపార సంఘాలు గోల చేశాయి. 2000లో కాంగ్రెస్ వెనక్కి తగ్గింది. కొత్తగా పత్రాలేవీ అడగనక్కర్లేదు, ఉన్న సమాచారాన్నే కలిపితే చాలని చట్టం సవరించింది.

అదే 1996 చట్టంలోని మరో నిబంధన మాత్రం ఠంచనుగా అమలైంది. గడువు దాటి 180 రోజులకు పైగా ఉండి వెళ్లిపోతే మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు తిరిగి రానివ్వరు. భయపెట్టి పంపించాలన్నది ఉద్దేశం. జరిగింది వేరు. వెళ్తే పదేళ్లు భార్యాపిల్లల ముఖం చూడలేమని భయపడి చాలామంది కదలకుండా ఉండిపోయారు. వెళ్లడాన్ని నమోదు చేయలేని చట్టం, వెళ్లడాన్నే నేరంలా శిక్షించింది.

మూడో దెబ్బ 2001 సెప్టెంబరు 11 దాడులు. విమానాలు కూల్చిన 19 మందీ వీసాలతోనే వచ్చినవారు, వారిలో కొందరు గడువు దాటి ఉన్నవారు. ఆర్నెల్లకు, 2002 మార్చిలో, ఫ్లోరిడాలోని ఒక విమాన శిక్షణ పాఠశాలకు ప్రభుత్వం నుంచి కాగితాలు వచ్చాయి. ఆ 19 మందిలోని ముహమ్మద్ అట్టా, మర్వాన్ అల్ షెహీలకు స్టూడెంట్ హోదా మంజూరైందని వాటి సారాంశం. ఇద్దరూ చచ్చి ఆర్నెల్లయిందని లోకమంతటికీ తెలుసు. ఏడాది తిరిగేసరికి ఇమిగ్రేషన్ సర్వీసు రద్దయి, దాని పనులన్నీ హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ కిందికి వెళ్లాయి. 2003లో విద్యార్థుల వివరాలకు సెవిస్ వచ్చింది. 2004 జనవరి 5న వేలిముద్రలు, ఫొటో తీసే యూఎస్-విజిట్ మొదలైంది. అదీ రాకకే. వెళ్లేటప్పుడు వేలిముద్రలివ్వడానికి కొన్ని విమానాశ్రయాల్లో పెట్టిన కియోస్కులను 2007లో ఎత్తేశారు.

తెలుగు ఇళ్లకు తగిలిన సెగ

సెవిస్ రావడంతో విద్యార్థుల మీద నిఘా బిగిసింది, కళాశాలల మీద బిగియలేదు. కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ అందుకు సాక్ష్యం. 30 మందికి అనుమతి పొందిన ఆ సంస్థలో ఏడాది రెండేళ్లలోనే విద్యార్థుల సంఖ్య వెయ్యి దాటింది. వారిలో సగానికి పైగా సన్నీవేల్‌లోని ఒకే అపార్ట్‌మెంట్ చిరునామాలో ఉంటున్నట్టు సెవిస్‌లోనే నమోదై ఉంది. వందలమంది ఒక్క ఫ్లాట్‌లో ఎలా ఉంటారని అడగడానికి 2011 జనవరి దాకా పట్టింది. అప్పుడు రోడ్డున పడ్డవారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన పిల్లలు. కొందరి కాళ్లకు రేడియో కాలర్లు తగిలించిన ఫొటోలు చూసి ఇక్కడి తల్లిదండ్రులు కుమిలిపోయారు, మన విదేశాంగశాఖ నిరసన తెలిపింది. ఆ విశ్వవిద్యాలయం నడిపినామెకు 2014లో 16 ఏళ్లకు పైగా జైలుశిక్ష పడింది.

2019 జనవరిలో బయటపడిన ఫార్మింగ్టన్ ఉదంతం ఇంకా బాధాకరం. మిషిగన్ రాష్ట్రంలో ఆ పేరుతో విశ్వవిద్యాలయం పెట్టింది ప్రభుత్వ రహస్య అధికారులే. ప్రభుత్వ ఆమోదం ఉన్న విద్యాసంస్థల జాబితాలో దాని పేరు ఉంది. తరగతులు లేవు, పాఠాలు చెప్పేవారు లేరు. వీసా స్టేటస్ నిలబెట్టుకుని పనిచేసుకోవడానికి చేరినవారు అందులో ఉన్నారన్నది నిజం, వారిని చేర్పించి కమీషన్లు తీసుకున్న మనవాళ్లూ శిక్షలు అనుభవించారు. మొదట అరెస్టయిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, వారిలో ఎక్కువమంది తెలుగువారు. కానీ అధికారిక జాబితాలో ఉన్న పేరును నమ్మి ఫీజు కట్టినవారిని అదే ప్రభుత్వం పట్టుకుని పంపేయడం న్యాయం కాదు. వసూలు చేసిన ఫీజుల మీద విద్యార్థులు వేసిన దావా ముందుకు సాగవచ్చని 2024లో ఫెడరల్ అప్పీల్ కోర్టు చెప్పింది.

ఖర్చు ఎవరిది?

వెళ్లేవారి నమోదుకు డబ్బు ఎక్కడిదన్న ప్రశ్నకు జవాబులోనూ మన ప్రమేయం ఉంది. సగానికి పైగా సిబ్బంది హెచ్-1బీ, ఎల్-1 ఉద్యోగ వీసాల మీద ఉన్న, కనీసం 50 మంది ఉద్యోగులున్న కంపెనీలు ఒక్కో హెచ్-1బీ దరఖాస్తుకు 2,000 డాలర్లు అదనంగా కట్టాలని 2010లో చట్టం చేశారు. మెక్సికో సరిహద్దు భద్రత ఖర్చుకు జోడుగా తెచ్చిన చట్టమది. 2015 డిసెంబరులో హెచ్-1బీకి ఆ మొత్తాన్ని 4,000 డాలర్లు చేసి, అందులో సగాన్ని బయోమెట్రిక్ రాకపోకల నమోదుకు కేటాయించారు. ఆ భారం ప్రధానంగా పడింది మన ఐటీ సంస్థల మీదే.

2013 నుంచి విమానాశ్రయాల్లో కాగితం ఐ-94 పోయింది. విమాన సంస్థలు పంపే ప్రయాణికుల జాబితాలే వెళ్లినట్టు ఆధారాలయ్యాయి. కెనడాతో ఆ కాలంలోనే కుదిరిన ఏర్పాటు మరీ తెలివైనది. కెనడాలో అడుగుపెట్టినట్టు అక్కడి అధికారి నమోదు చేసిందే అమెరికా విడిచినట్టు లెక్క. డెట్రాయిట్ వంతెన మీద అసాధ్యమని వదిలేసిన పని, పొరుగుదేశంతో మాట్లాడుకోగానే సులువైపోయింది.

ఈ మార్పుల తర్వాతే, 2016లో మొదటిసారి హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ దేశవ్యాప్తంగా ఓవర్‌స్టే లెక్క బయటపెట్టగలిగింది. 2015 ఆర్థిక సంవత్సరంలో విమానాలు, ఓడల్లో వ్యాపారం, విహారం కోసం వచ్చి వెళ్లాల్సినవారు సుమారు 4.5 కోట్ల మంది. గడువు దాటినవారు 5,27,127 మంది, అంటే 1.17 శాతం. విద్యార్థులు తదితరులనూ కలిపిన 2019 లెక్కలో ఇది 1.21 శాతం. వందమందిలో దాదాపు తొంభై తొమ్మిది మంది మాట ప్రకారం వెనక్కి వెళ్లారు. సంఖ్యలో ముందు వరుసలో నిలిచినవారు కెనడావాసులు. ఇన్నేళ్ల భయాలకూ ప్రసంగాలకూ ఈ అంకెలు లేకపోవడమే ఊతం. భూమార్గాన వచ్చివెళ్లేవారి లెక్క ఆ నివేదికలో లేదు.

2025 డిసెంబరు 26 నుంచి అమలైన నిబంధన ప్రకారం విదేశీయులందరినీ వెళ్లేటప్పుడూ ఫొటో తీయవచ్చు. 110వ సెక్షన్ రాసిన 29 ఏళ్లకు ఈ నిబంధన వచ్చింది. అదే ఏడాది కొన్ని దేశాల సందర్శకుల నుంచి 15,000 డాలర్ల దాకా పూచీకత్తు వసూలు చేసే పద్ధతీ మొదలైంది. మళ్లీ భారం వచ్చేవారి మీదే.

గడువు పెట్టే హక్కు ఏ దేశానికైనా ఉంది, దాన్ని పాటించే బాధ్యత వెళ్లినవారిది. కానీ ఎవరు వెళ్లారో చెప్పలేని ప్రభుత్వం ఉన్నవారందరినీ అనుమానించడం పాలన అనిపించుకోదు. గోడలకు పోసిన డబ్బులో కొంతైనా మూడు దశాబ్దాల కిందటే వెళ్లేవారి నమోదుకు ఖర్చు చేసి ఉంటే, ఎన్నో అనుమానాలకు తావుండేది కాదు.

ఆ వ్యవస్థ ఇప్పుడు గట్టిపడుతోంది గనుక మనవాళ్లకు ఒక మాట. కూతురి పురిటికో కోడలి పురిటికో వెళ్లే తల్లిదండ్రులకు పదేళ్ల వీసా ఉంటుంది. దాన్ని చూసుకుని నిశ్చింతగా ఉండకండి, ఉండే గడువు సాధారణంగా ఆర్నెల్లే. ఉద్యోగులకు వీసా మూడేళ్లున్నా, పాస్‌పోర్టు ముందే ముగిసిపోతుంటే ఆ తేదీ వరకే గడువు వేసే సందర్భాలున్నాయి. కొత్త పాస్‌పోర్టు తీసుకున్నంత మాత్రాన ఆ గడువు పెరగదు. చెల్లేది ఐ-94లోని తేదీ ఒక్కటే. అది ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అమెరికాలో అడుగుపెట్టిన ప్రతిసారీ, ఆ వారంలోనే, దాన్ని తీసి చదవండి. తప్పుంటే అప్పుడే సరిచేయించుకోండి.