లిఖితాజ్ఞ: షెల్ స్క్రిప్టుల పుట్టుపూర్వోత్తరములు

కంప్యూటరును కనిపెట్టినవారిని గూర్చి గ్రంథములు పెక్కు వెలసినవి. దానిని రేయింబవళ్లు కనిపెట్టుకొని యుండినవారిని గూర్చి వ్రాసినవారు మిక్కిలి తక్కువ. క్రొత్త యూజరునకు ఖాతా తెరచుట, నిండిపోయిన డిస్కులో చోటు చేయుట, నాటి ఫైళ్లకు నాడే టేపుమీద బ్యాకప్ తీయుట, లాగులను చదివి దోషమును పసిగట్టుట మున్నగు పనులు విడివిడిగా అల్పములే యైనను, ప్రతిదినము తప్పక జరుగవలసినవగుటచేతను, ఒక్కనాడు మరచినను సంస్థ యంతయు చిక్కులపాలగు నట్టివగుటచేతను, వానిని చేయువాని జాగరూకతయే ఆ సంస్థకు పెట్టనికోటయై యుండెను. ఆ జాగరూకతను ఒక్కని జ్ఞాపకమునకే విడిచిపెట్టక, తరువాతివాడును చదువదగిన వ్రాతగా మార్చినది షెల్ స్క్రిప్టు. కావుననే దాని చరిత్రము యంత్రముల చరిత్రమున కొక అనుబంధముగా గాక, లేఖనచరిత్రమున నొక అధ్యాయముగా చదువదగినదని నా నమ్మకము.

1950లలో కంప్యూటరుతో పనిగలవాడు తన ప్రోగ్రామును పంచ్ కార్డులపై ఎక్కించి, ఆ కట్టను ఆపరేటరు చేతికిచ్చి, ఫలితమునకై గంటలకొలది వేచియుండవలసివచ్చెడిది. వానికిని యంత్రమునకును నడుమ సంభాషణమే లేదు. 1961 నవంబరులో అమెరికాయందలి ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కోర్బాటో బృందమువారు సీ.టీ.ఎస్.ఎస్. అను వ్యవస్థను ప్రదర్శించి, ఒకే యంత్రమును పలువురు తమతమ టెర్మినళ్లకడ కూర్చుండి ఏకకాలమున వాడుకొను విధమును చూపిరి. అడిగినంతనే బదులు పలుకు యంత్రము లభించిన పిదప, అడిగినదానినే మరల మరల అడుగవలసిన శ్రమయు బయటపడెను. ఫ్రాన్సునుండి వచ్చి అచట పనిచేయుచుండిన లూయీ పుజాన్ ఈ శ్రమను గమనించి, 1963–64 ప్రాంతమున రన్‌కామ్ అను ప్రోగ్రామును వ్రాసెను. చేయవలసిన కమాండ్లను ఒక ఫైలులో వరుసగా వ్రాసియుంచి ఆ ఫైలు పేరు చెప్పినచో, రన్‌కామ్ వానిని ఒకటొకటిగా నెరవేర్చెడిది. ఆయా వేళలకు మారవలసిన పేర్లను అప్పటికప్పుడు అందించుటకును అందు వీలు కలదు. కమాండ్లతోనే క్రొత్త కమాండ్లను కూర్చుకొనవలెనన్నది పుజాన్ ఆశయము.

చూచుటకు చిన్న సౌకర్యమువలె నున్న దీనియందు ఒక గొప్ప సమత్వము దాగియున్నది. కూర్చుండి టైపు చేయు మాటయు ఫైలులో దాచిన మాటయు ఒక్కటే యగుటచేత, ప్రోగ్రాములు వ్రాయు విద్యను వేరుగా అభ్యసింపని సిస్టం అడ్మినిస్ట్రేటరు సైతము, తాను నిత్యము పలుకు మాటలనే వ్రాసిపెట్టి, తెలియకయే ప్రోగ్రాము కర్త కాగలిగెను.

పుజాన్ 1965లో స్వదేశమునకు మరలిపోవుటకు ముందు, మల్టిక్స్ అను మహావ్యవస్థకు కమాండ్ల భాష ఎట్లుండవలెనో వివరించు పత్రమొకటి రచించి, యూజరు ఆజ్ఞలను గ్రహించి నడిపించు భాగమునకు షెల్ అని పేరిడెను. దానిని మల్టిక్స్‌లో తొలుత నిర్మించిన గౌరవము ఎం.ఐ.టి.లోని గ్లెండా ష్రోడర్‌ది. 1969లో బెల్ లాబరేటరీస్ మల్టిక్స్ నుండి తొలగిపోగా, అందు పనిచేసిన కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీలు న్యూజెర్సీలోని మర్రేహిల్‌లో ఒక చిన్న పీ.డీ.పీ.-7 యంత్రముపై యూనిక్స్‌ను ఆరంభించిరి. 1971 నాటి థాంప్సన్ షెల్ మిక్కిలి చిన్నది. ‘ఇఫ్’, ‘గోటు’ అనునవి సైతము అందు అంతర్భాగములు గాక వేరు ప్రోగ్రాములుగా నుండెడివి. షెల్ చదువుచున్న ఫైలునే గోటు తానును వెదకి, గుర్తుపెట్టిన పంక్తికడకు చదువుస్థానమును జరిపి, మౌనముగా తప్పుకొనెడిది. లేమినుండి పుట్టిన ఈ ఉపాయమునందలి నేర్పు నేటికిని మెచ్చదగినదే.

అంతకు మున్నే, 1964 అక్టోబరులో, బెల్ లాబరేటరీస్‌లోని డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ ఒక చిన్న లేఖ వ్రాసి, తోటకు నీరు పెట్టు గొట్టపు ముక్కలను ఒకదాని కొకటి తగిలించినట్లు ప్రోగ్రాములను తగిలించుకొను మార్గము కావలెనని కోరియుండెను. ఆ కోరిక తొమ్మిది సంవత్సరములు నెరవేరలేదు. ఆయన అడుగుట మానలేదు. తుదకు 1973లో థాంప్సన్ ఒక్క రాత్రిలో పైపును యూనిక్స్‌లో చేర్చెను. ఒక ప్రోగ్రాము వెలువరించినది మరియొక ప్రోగ్రామునకు నేరుగా అందునట్లు కాగానే, మరునాటినుండి ఆ ప్రయోగశాలలోని వారందరు ఒక్క పంక్తిలో ఎంత పని సాధింపవచ్చునో పరీక్షించుటలో మునిగిరి. ఏరునది యొకటి, వరుస దీర్చునది యొకటి, లెక్కించునది యొకటి. ఒక్కొక్కటి ఒక్క పనినే చక్కగా చేయవలెనను నియమము ఈ పైపు వలననే ఆచరణసాధ్యమయ్యెను.

1975 ప్రాంతమున జాన్ మాషీ షెల్‌నకు చరరాశులను, షరతులను, ఆవృత్తులను చేర్చి, కమాండ్ల భాష కూడ ఒక ప్రోగ్రామింగు భాషయేనని నిరూపించెను. దానికి స్థిరరూపమిచ్చినవాడు స్టీఫెన్ బోర్న్. ఆయన కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఆల్గాల్ 68 భాషకు కంపైలరు నిర్మించియుండుటచేత, ఆ భాషయందలి మమకారము ఆయనను విడువలేదు: ‘ఇఫ్’తో తెరచిన వాక్యమును దాని అక్షరములు తలక్రిందులు చేసిన ‘ఫి’తో మూయుట, ‘కేస్’ను ‘ఎసాక్’తో మూయుట అందుండి వచ్చినవే. ‘డూ’ అను దానిని మాత్రము ‘ఓడీ’తో మూయలేకపోయెను, ఏలయన ఆ పేరుతో ఫైలులోని బైట్లను అంకెలుగా చూపు కమాండు అప్పటికే వాడుకలో నుండెను. అందుచేత ‘డన్’ వచ్చి నిలిచెను. ఒక ప్రయోగశాలలో ముందుగా పుట్టిన చిన్న కమాండు, కోట్లకొలది స్క్రిప్టుల వ్యాకరణమును నిర్ణయించిన వైనమిది.

1979 జనవరిలో వెలువడిన యూనిక్స్ ఏడవ కూర్పులో బోర్న్ షెల్‌తోబాటు క్రాన్ కూడ నుండెను. క్రాన్ నిమిషమున కొకమారు మేల్కొని, తన పట్టికను చూచి, వేళ యైన పనిని నడుపును. యంత్రము లేచునప్పుడు డిస్కులను మౌంటు చేసి, తాత్కాలిక ఫైళ్లను తుడిచి, ఆ క్రాన్‌ను మేల్కొలుపునది సైతము ‘ఆర్‌సీ’ అను షెల్ స్క్రిప్టే. అర్ధరాత్రి బ్యాకప్ తీయుటకై మనుష్యుడు మేలుకొని యుండవలసిన అగత్యము షెల్ స్క్రిప్టు, క్రాన్ అను ఈ రెంటి కలయికచే తప్పెను.

1986లో జాన్ బెంట్లీ తాను నడపు పత్రికాశీర్షికలో డొనాల్డ్ క్నూత్‌ను ఒక సమస్య సాధింపుమని కోరెను: ఒక ఫైలులో మిక్కిలి తరచుగా వచ్చు పదములను లెక్కతో చూపవలెను. క్నూత్ పాస్కల్ భాషలో, విపులమైన వ్యాఖ్యతో, అందమైన రచన చేసెను. దానిని సమీక్షించిన మెక్‌ఇల్‌రాయ్, ఆ పనితనమును మెచ్చుకొనుచునే, ఆరు కమాండ్లను పైపులతో తగిలించి అదే పని చేసి చూపెను. దీనిని క్నూత్ ఓటమిగా చెప్పుకొనుట అన్యాయము. ఆయనను కోరినది వ్యాఖ్యాసహిత రచనకు ఉదాహరణము గాని సంక్షిప్తత కాదు. ఐనను నిత్యవ్యవహారమున అడ్మినిస్ట్రేటరునకు కావలసినది ఆ ఆరు కమాండ్ల మార్గమే.

తరువాతి కథ త్వరగా చెప్పవచ్చును. పెర్ల్ వంటి భాషలు షెల్‌నకు తోడు వచ్చినవి. 1989లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ పక్షమున బ్రయాన్ ఫాక్స్ వ్రాసిన బాష్, లినక్స్‌తోబాటు లోకమంతట వ్యాపించెను. 1992 నాటి పోసిక్స్ ప్రమాణము బోర్న్ మార్గమునే ప్రధానముగా అనుసరించెను. కిటికీలను, మౌసును నమ్ముకొనిన మైక్రోసాఫ్టు సైతము, జెఫ్రీ స్నోవర్ కృషిచే, 2006లో పవర్‌షెల్‌ను వెలువరించెను.

వ్రాతకు గల శక్తియే దాని అపాయము. 2015లో వెలుగులోనికి వచ్చిన ఉదంతమొకటి కలదు. ఆటలను విక్రయించు ఒక ప్రసిద్ధ సాఫ్ట్‌వేరు యొక్క లినక్స్ స్క్రిప్టులో, తుడువవలసిన ఫోల్డరు పేరును తెలుపు చరరాశి ఖాళీగా మిగిలిపోవుటచే, ఆ కమాండు డిస్కు మొదటినుండి యూజరు ఫైళ్లన్నింటిని తుడిచివేసెను. ఆ పంక్తికి పైననే, ఇది భయంకరమైనదని దానిని వ్రాసినవాడే ఒక్క మాట వ్యాఖ్యగా వ్రాసియుంచెను. భయమును గుర్తించెను గాని, చరరాశి ఖాళీయా కాదా యని పరీక్షించు పంక్తిని మాత్రము చేర్చలేదు.

కావున, నేడు సర్వర్లను కాచుచున్న యువకులకును యువతులకును నా విన్నపము: మీకు ముందున్నవారు విడిచిపోయిన స్క్రిప్టులను చదువకయే తుడిచివేయకుడు; మీరు వ్రాయువానిలో ఏ పని చేయుచున్నారో గాక, ఏల చేయుచున్నారో రెండు పంక్తులలో వ్రాసి తేదీ వేయుడు; తుడుచు కమాండునకు ముందు పరీక్షను తప్పక చేర్చుడు.