పిట్టల పెట్టె పుట్టిన కథ

నెదర్లాండ్స్ మ్యూజియాల్లో ఒక వింత మట్టికుండ కనిపిస్తుంది. గుండ్రని పొట్ట, పిట్ట దూరేంత ఇరుకు మూతి, తాడు కట్టడానికి చెవులు. ఒక పక్క మాత్రం చదునుగా ఉండి, అక్కడ మనిషి చెయ్యి పట్టేంత పెద్ద కంత ఉంటుంది. ఆ పక్కను గోడకు ఆనించి కుండను తగిలించేవాళ్లు. మన గోరింకల కుటుంబానికే చెందిన స్టార్లింగ్ అనే పిట్ట వసంతంలో అందులో దూరి, గడ్డీ గాదమూ చేర్చి గుడ్లు పెట్టేది. పిల్లలు ఒళ్లు చేసి, ఇక రేపోమాపో ఎగిరిపోతాయనగా ఇంటివాళ్లు కుండ దించి, వెనక కంతలోంచి చెయ్యి పెట్టి వాటిని తీసి వండుకునేవాళ్లు. 16వ శతాబ్దపు ఫ్లెమిష్ చిత్రాల్లో ఇళ్ల గోడల మీద ఇలాంటి కుండలు కనిపిస్తాయి. పెరట్లో పిట్టకు గూడు తగిలించడమనే అలవాటుకు యూరప్‌లో మిగిలిన పాత ఆనవాళ్లలో ఇదొకటి. దాని మొదలు వంటింట్లో ఉంది.

ఇంగ్లండులో పిచ్చుకల కోసం ఇలాంటివే చేశారు. వలసపోయినవాళ్లతోపాటు ఈ అలవాటు అట్లాంటిక్ దాటింది. వర్జీనియాలోని విలియమ్స్‌బర్గ్ తవ్వకాల్లో 18వ శతాబ్దం నాటి సీసా ఆకారపు మట్టి గూళ్లు దొరికాయి. ఇరాన్‌లో ఇస్ఫహాన్ చుట్టుపక్కల పావురాల కోసం పెద్ద పెద్ద బురుజులే కట్టారు. అక్కడివాళ్లకు కావలసింది పావురాల రెట్ట. పుచ్చపాదులకు అది మంచి ఎరువు.

అయితే అన్నిచోట్లా లెక్క ఒకటే కాదు. ఇస్తాంబుల్‌లో ఉస్కుదార్ వైపు వెళితే యెని వాలిదె మసీదు, అయజ్మా మసీదు గోడల మీద, తలెత్తి చూస్తే, రాతిలో చెక్కిన బుల్లి బుల్లి మేడలు కనిపిస్తాయి. వాటికి గుమ్మటాలున్నాయి, కిటికీలున్నాయి. 18వ శతాబ్దపు ఆటోమాన్ శిల్పులు పిచ్చుకలకూ పావురాలకూ కట్టిన గూళ్లవి. చలిగాలి కొట్టని, ఎండ తగిలే గోడ చూసి మరీ కట్టేవాళ్లు. చెయ్యి దూర్చడానికి వెనక కంత లేదు, పిల్లి ఎక్కే దారీ లేదు. పిట్టకు నీడనిస్తే పుణ్యమన్న నమ్మకం తప్ప వాటి వల్ల కట్టినవాళ్లకు ఒరిగిందేమీ లేదు. పక్షిగూళ్ల చరిత్రలో నాకు బాగా నచ్చిన మజిలీ ఇది.

అదే కాలంలో అమెరికా ఆగ్నేయ ప్రాంతంలో మరో పద్ధతి నడుస్తోంది. 19వ శతాబ్దం మొదట్లో అక్కడ తిరిగిన పక్షి శాస్త్రవేత్త అలెగ్జాండర్ విల్సన్ చోక్టా, చికసా తెగల గుడిసెల దగ్గర చూసినదాన్ని రాసిపెట్టాడు. గుడిసె పక్క లేత చెట్టుకు పై కొమ్మలు నరికి, ఒకటి రెండు అడుగుల పొడవున మొరళ్లు వదులుతారు. ఒక్కో మొరడుకు ఒక్కో తొలిచిన సొరబుర్ర వేలాడదీస్తారు. మన పల్లెల్లో ఈత నేర్చుకునే పిల్లలు నడుముకు కట్టుకునే సొరబుర్ర, అది ఒకే జాతి. వృక్షశాస్త్రంలో రెంటికీ పేరు కూడా ఒకటే. ఆ బుర్రల్లోకి వచ్చేది పర్పుల్ మార్టిన్, నీలి నిగనిగల నల్లపిట్ట. చలికాలమంతా దక్షిణ అమెరికాలో గడిపి వసంతానికి తిరిగొస్తుంది. డేగ గాని కాకి గాని ఇంటి పైకి వస్తే గుంపుగా తరుముతుంది. కోడిపిల్లలకు కాపలా దొరికిందని తెల్లరైతులు కూడా బుర్రలు కట్టడం మొదలుపెట్టారు.

తరాలు గడిచాయి. ఈ రోజున ఉత్తర అమెరికా తూర్పు భాగంలో పర్పుల్ మార్టిన్లు దాదాపుగా మనిషి కట్టిన గూళ్లలోనే పిల్లల్ని చేస్తున్నాయి. పడమటి వైపున ఉన్న వాటి బంధువులు మాత్రం ఇంకా వడ్రంగిపిట్టలు తొలిచిన చెట్టుతొర్రల్నే వాడుకుంటున్నాయి. హ్యూస్టన్, డల్లాస్‌లలో ఉంటున్న మనవాళ్లు ఫిబ్రవరి వచ్చేసరికి కొన్ని పెరళ్లలో ఎత్తయిన గడల మీద తెల్లని ప్లాస్టిక్ బుర్రలు లేవడం చూసే ఉంటారు. అవి ఆ సొరబుర్రల వారసులే. ఒక అడవిపిట్ట సంతతి ఊళ్లవాళ్ల శ్రద్ధమీద ఇంతగా ఆధారపడి ఉండడం మామూలు సంగతి కాదు. ఆ గడలు ఎత్తేవాళ్లు ఒక్క ఏడాది మానుకున్నా అక్కడికి తిరిగొచ్చిన పిట్టలకు చోటుండదు.

పిట్టను పిట్టగానే చూసి, దానికోసం వరుసగా గూళ్లు కట్టించినవాడిగా ఇంగ్లండులో చార్లెస్ వాటర్టన్ పేరు చెబుతారు. 1782లో పుట్టి 1865లో పోయాడు. యార్క్‌షైర్‌లోని వేక్‌ఫీల్డ్ దగ్గర వాల్టన్ హాల్ అతని ఎస్టేటు. 1820లలో దాని చుట్టూ సుమారు మూడు మైళ్ల గోడ కట్టించి, లోపల తుపాకీ పేలకూడదన్నాడు. అంతకుముందే, 1813లో గయానా నుంచి తిరిగొచ్చి, శిథిలమైన పాత కోట ద్వారం మీద గుడ్లగూబలకు రాతి గది కట్టించాడు. పిట్ట వాలడానికి అందులో ఒక లావాటి కర్ర అమర్చాడు. గుడ్లగూబ కూస్తే ఇంటికి కీడని అక్కడివాళ్లూ వణికేవాళ్లు. అతని ఇంట్లో పనిచేసే ముసలావిడ భయమూ అదే. కట్టిన నెలకు ఒక జంట వచ్చి చేరింది. గుడ్లగూబ కనిపిస్తే రాళ్లేసే మన ఊళ్లలో వాటర్టన్ సంగతి పిల్లలకు చెప్పాలి. ఇసుకగట్లలో బొరియలు చేసుకునే సాండ్ మార్టిన్లకు గోడలో రంధ్రాలు పెట్టించాడు, స్టార్లింగులకు బురుజు కట్టించాడు. నెదర్లాండ్స్‌లో కూరయిన పిట్టకు యార్క్‌షైర్‌లో సొంత బురుజు!

ఇంతవరకూ గూడు కట్టినవాళ్లు తమకు తోచినట్టు కట్టారు. పిట్టకు ఏం కావాలో కొలిచి చూసినవాడు జర్మనీలోని బారన్ హాన్స్ ఫాన్ బెర్లెప్ష్. తురింగియాలో జేబాక్ అనే చోట అతని కోట, తోటలు. అప్పటికి జర్మన్ అడవుల్ని శుభ్రంగా వరసలు పెట్టి పెంచుతున్నారు. ఎండుచెట్టు కనిపిస్తే కొట్టేస్తున్నారు. ఎండుచెట్టు పోతే వడ్రంగిపిట్ట పోతుంది. వడ్రంగిపిట్ట తొలిచి వదిలేసిన తొర్ర పోతే, సొంతంగా తొలుచుకునే ముక్కు లేని చిన్నపిట్టలన్నీ పోతాయి. టిట్ పిట్టలు, ఫ్లైక్యాచర్లు, స్టార్లింగులు అన్నీ ఈ కోవలోవే. వాటికి అడవిలో తిండి ఉన్నా తల దాచుకునే చోటు లేకుండా పోయింది.

బెర్లెప్ష్ వడ్రంగిపిట్టల తొర్రలున్న దుంగల్ని పోగుచేసి నిలువునా కోయించి చూశాడు. ద్వారం కాస్త పైకి వాలి ఉంటుంది, అందుకని వాన లోపలికి రాదు. లోపలి గది సీసాలా కిందికి దిగుతుంది. అడుగు గిన్నెలా గుంటగా ఉంటుంది కాబట్టి గుడ్లు పక్కకు దొర్లిపోవు. గోడల మీద ముక్కు పోట్ల గరుకు అలాగే ఉంటుంది, రెక్కలొచ్చిన పిల్లలు ఆ గరుకును పట్టుకునే పైకి పాకుతాయి. ఇవన్నీ చూసి, చెట్టు దుంగనే బెరడుతో సహా యంత్రం మీద అదే కొలతకు తొలిపించాడు. ఆ పెట్టెల్లోకి పిట్టలు వచ్చాయి. 1905లో హైనిక్ అడవిలో ఓక్ చెట్లకు ఆకుచుట్టు పురుగు పట్టి కొమ్మలు మోడువారితే, పెట్టెలున్న జేబాక్ వనం పచ్చగా నిలిచిందని అతని పద్ధతి గురించి రాసిన మార్టిన్ హీసెమాన్ చెప్పాడు. ఆ పుస్తకం 1908లో ఇంగ్లీషులోకి వచ్చింది. పురుగుల్ని తినే పిట్టలకు చోటిస్తే అడవికే లాభమన్న మాట అటవీ శాఖల చెవికెక్కింది.

రంధ్రం కొలతే గూటికి తాళమని అప్పటినుంచీ పిట్టల్ని ప్రేమించేవాళ్లకు బాగా అర్థమైంది. బ్రిటన్‌లో నేటికీ చెప్పే లెక్క ఇది: బ్లూ టిట్‌కు 25 మిల్లీమీటర్లు, గ్రేట్ టిట్‌కు 28, పిచ్చుకకు 32, స్టార్లింగ్‌కు 45. చిన్నపిట్టకు పెద్ద రంధ్రం పెడితే దాన్ని గెంటేసి పెద్దపిట్ట చేరుతుంది. ఈ లెక్క ఎంత ముఖ్యమో అమెరికాలో బ్లూబర్డ్ కథ చెబుతుంది. 1850ల మొదట్లో బ్రూక్లిన్‌లో ఇంగ్లండు పిచ్చుకల్ని వదిలారు. 1890లో యూజీన్ షీఫెలిన్ న్యూయార్క్ సెంట్రల్ పార్కులో స్టార్లింగుల్ని వదిలాడు. రెండూ దేశమంతా పాకి, బ్లూబర్డ్‌ల తొర్రల్ని ఆక్రమించాయి. ఛాతీ ఎర్రమట్టి రంగు, వీపు నీలం, అంత అందమైన పిట్ట ఊళ్లలోంచి తప్పుకుంటుంటే, ఇలినాయ్ రాష్ట్రం క్విన్సీలో టి. ఇ. మసెల్‌మన్ అనే ఉపాధ్యాయుడు 1930లలో రోడ్ల వెంట కంచె స్తంభాలకు పెట్టెలు వరుసగా కట్టుకుంటూ పోయాడు. 38 మిల్లీమీటర్ల రంధ్రంలో బ్లూబర్డ్ పడుతుంది, స్టార్లింగ్ పట్టదు. తర్వాత లారెన్స్ జెలెనీ 1976లో పుస్తకం రాసి, 1978లో ఉత్తర అమెరికా బ్లూబర్డ్ సొసైటీని స్థాపించాడు. వేల ఇళ్లవాళ్లు పెట్టెలు కట్టారు, పిట్ట నిలదొక్కుకుంది.

ఇంగ్లండులో పెట్టె శాస్త్రవేత్తల చేతిలో పరికరం కూడా అయింది. ఆక్స్‌ఫర్డ్ పక్క వైటమ్ అడవిలో డేవిడ్ లాక్ 1947లో మొదలుపెట్టిన గ్రేట్ టిట్ పరిశీలన వెయ్యికి పైగా పెట్టెలతో ఇంకా సాగుతోంది. ఈ దశాబ్దాల్లో అక్కడ పిట్టలు గుడ్లు పెట్టే రోజు దాదాపు రెండు వారాలు ముందుకు జరిగింది. వసంతం వేడెక్కుతోందని ఆ చిన్న చెక్కపెట్టెలు లెక్క చూపించాయి. కుండ వెనక చెయ్యి పెట్టిన కంతకు బదులు ఇప్పుడు పెట్టెకు పక్కన తెరిచే తలుపుంది. అందులోంచి గుడ్లు లెక్కపెడతారు, పిల్లలు వెళ్లిపోయాక పాతగూడు తీసి శుభ్రం చేస్తారు.

మన దగ్గర పిచ్చుకకు ఎవరూ పెట్టె కట్టనవసరం లేకపోయింది. పెంకుటిల్లు చూరు, దూలం సందు, దేవుడి పటం వెనక కాస్త చోటు దానికి చాలు. గుమ్మానికి కట్టిన వరికంకుల కుచ్చు దాని భోజనం. డాబాలొచ్చి, సందు లేకుండా సిమెంటు పూసిన గోడలొచ్చి, ఆ చోట్లన్నీ మూసుకుపోయాయి. నాసిక్‌కు చెందిన మహమ్మద్ దిలావర్ చొరవతో 2010 నుంచి మార్చి 20ని ప్రపంచ పిచ్చుకల దినంగా జరుపుతున్నారు. ఆ రోజున బళ్లలో, అపార్టుమెంట్లలో చెక్కపెట్టెలు పంచుతున్నారు. మంచిదే. అయితే ఇంగ్లండు పద్ధతిని ఉన్నదున్నట్టు దించుకుంటే మన ఎండకు పిల్లలు మాడిపోతాయి. రేకు డబ్బా, పడమటి గోడ అసలు పనికిరావు. సన్‌షేడ్ కింద, రెండున్నర మూడు మీటర్ల ఎత్తున, పైన గాలి ఆడే సన్నని చీలికలతో, 32 మిల్లీమీటర్ల రంధ్రంతో చెక్కపెట్టె ఉంటే గోరింక దూరదు, పిచ్చుకకు సరిపోతుంది. ముందు వాలడానికి పుల్ల పెట్టకూడదు, అది వేటాడేవాటికి మెట్టు అవుతుంది. ఫ్యాను తిరిగే గదిలో మాత్రం వద్దు. ఇంకో సంగతి: గింజలు తినే పిచ్చుక కూడా పిల్లలకు మొదటి రోజుల్లో పురుగుల్నే పెడుతుంది. కాబట్టి పెట్టె ఒక్కటీ ఉండి, చుట్టూ మందు కొట్టని ఒక పొదైనా లేకపోతే గూడు నిలవదు.

పెరటి పెట్టెలో ఇమడని పిట్టల సంగతి ఇంకా మిగిలే ఉంది. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట, ఆంధ్రప్రదేశ్ 2018లో ఎంచుకున్న రామచిలుక, రెండూ తొర్రల్లోనే పొదుగుతాయి. చిలుక ఉన్న తొర్రను కొరికి కాస్త పెద్దది చేసుకోగలదు. పాలపిట్టకు ఆ పని చేతకాదు. పిడుగు పడి తల పోయిన తాడిచెట్టో, మోడైన కొబ్బరిచెట్టో దానికి కావాలి. పనికిరాదని, పొలానికి అడ్డమని మనం ముందు కొట్టేసేది దాన్నే. దసరా నాడు చూపించడానికని పాలపిట్టను పట్టి పంజరంలో పెట్టేవాళ్ల మీద కోపం రావడం న్యాయమే. కానీ ఆ పండగకు పాలపిట్ట కనబడాలంటే, మార్చి నుంచి జూన్ దాకా ఆ మోడుచెట్టును పొలం గట్టున అలాగే ఉంచాలి.