గాజుపీచు ట్యాంకులు, ఆల్కహాలు కలిసిన పెట్రోలు

1964 నవంబరులో స్కాట్లాండు ఉత్తరపు కొసన ఉన్న జాన్ ఓ గ్రోట్స్ నుంచి ఒక మోటార్‌సైకిలు బయలుదేరింది. ఐదుగురు రైడర్లు వంతులవారీగా నడిపి, రోజు తిరగకముందే దాన్ని ఇంగ్లండు నైరుతి మూలనున్న లాండ్స్ ఎండ్‌కు చేర్చారు. దారిలో సిల్వర్‌స్టోన్ రేసు ట్రాకు మీద కొన్ని చుట్లు కూడా తిప్పారు. రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ తన కొత్త బండి కాంటినెంటల్ జీటీని జనానికి పరిచయం చేసింది ఇలాగే. పత్రికలు దాని వేగం గురించి, ఐదు గేర్ల గురించి రాశాయి. చూసినవాళ్ల కంటికి మొదట ఆనింది మాత్రం పొడవాటి ఎర్ర ట్యాంకు. అది ఇనుప రేకుతో చేసింది కాదు, ఫైబర్‌గ్లాస్‌తో పోతపోసింది.

ఆ బండి కుర్రాళ్ల కోసం పుట్టింది. లైసెన్సు పరీక్ష పాసవనివాళ్లు 250 సీసీ దాటిన బండి నడపకూడదని బ్రిటన్‌లో 1961లో నిబంధన వచ్చింది. లండన్‌లోని ఏస్ కేఫ్ దగ్గర చేరే యువకులకేమో రేసు బండిలా వంగి కూర్చునే హ్యాండిలు, వెనక్కి జరిపిన ఫుట్‌రెస్టులు, ఛాతీ ఆనించుకునేంత పొడవైన ట్యాంకు కావాలి. 248 సీసీ జీటీ ఆ కోరికలన్నీ ఫ్యాక్టరీలోనే తీర్చింది.

అలాంటి ట్యాంకును రేకుతో చేయాలంటే భారీ ప్రెస్సు, ఖరీదైన ఉక్కు డైలు కావాలి. వేలకొద్దీ బండ్లు అమ్ముడుపోతే తప్ప ఆ ఖర్చు తిరిగిరాదు. ఫైబర్‌గ్లాస్‌కు ఆ బెడద లేదు. 1930లలో అమెరికాలో గాజును పీచుగా తీయడం పెద్ద ఎత్తున మొదలైంది. దానికి పాలిస్టర్ రెజిన్ తోడయ్యాక పడవలు, కారు బాడీలు వచ్చాయి. 1953 నాటి షెవర్లే కార్వెట్ కారు బాడీ అలా చేసిందే. చిన్న వర్క్‌షాపుకు ఒక అచ్చు, నాలుగు బ్రష్షులు, పని తెలిసిన చేతులు ఉంటే చాలు.

ఆ పని ఇలా సాగేది. అచ్చు లోపల మైనం రుద్ది, దాని మీద రంగు కలిపిన జెల్‌కోటు పూసేవారు. అది కాస్త బిగుసుకున్నాక గాజుపీచు చాప పరిచి, గట్టిపడే మందు కలిపిన రెజిన్‌ను బ్రష్షుతో అద్దేవారు. గాలి బుడగలు మిగలకుండా రోలరు తిప్పేవారు. రెండు చెక్కలుగా తయారైన ట్యాంకును అంచుల దగ్గర కలిపి, లోపలి నుంచి పీచు పట్టీలతో అతికేవారు. రెజిన్, గట్టిపడే మందు పాళ్లు కుదిరాయా, ఆ రోజు షెడ్డులో చలి ఎంత, పనివాడి ఓపిక ఎంత అన్నదాన్ని బట్టి ట్యాంకు గట్టిదనం మారేది. ఒకే అచ్చులో పోసిన రెండు ట్యాంకుల గోడలు ఒకే మందంగా ఉండాలనేమీ లేదు.

ఆ దశాబ్దంలో ఈ పద్ధతి చాలా దూరం పాకింది. 1965లో స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్‌లో శామీ మిల్లర్‌ను గెలిపించిన బుల్టాకో, స్పెయిన్‌లో షెర్పా ట్రయల్ బండ్లకు ఫైబర్‌గ్లాస్ ట్యాంకులే పెట్టింది. 1967లో లండన్ ఎర్ల్స్ కోర్టు ప్రదర్శనలో కనిపించిన నార్టన్ కమాండోకు ఉన్నదీ అలాంటి ట్యాంకే. ఇటలీలో డుకాటి, ఇమోలా 200 రేసులో పాల్ స్మార్ట్ సాధించిన 1972 విజయాన్ని గుర్తుచేస్తూ 1974లో 750 సూపర్ స్పోర్ట్ తెచ్చింది. దాని ట్యాంకు పక్కన ఒక నిలువు చారకు రంగు వేయకుండా వదిలేశారు. గాజుపీచు గుండా పెట్రోలు మట్టం కంటికి కనిపించేది. రేసులో ఇంధనం ఎంత మిగిలిందో మూత తీయకుండానే తెలుసుకునే ఉపాయం అది.

బ్రిటన్‌లో ఈ ముచ్చట ఎక్కువ కాలం నిలవలేదు. ప్రమాదంలో రేకు ట్యాంకు సొట్టపడుతుంది, ఫైబర్‌గ్లాస్ పగులుతుంది. పగిలితే మంటలు. 1973 జులై 1 తర్వాత రోడ్డెక్కే కొత్త బండ్ల పెట్రోలు ట్యాంకులు లోహంతోనే చేయాలని నిబంధన వచ్చింది. అంతకు ముందటివాటికి మినహాయింపు దొరికింది కాబట్టి ఆ ట్యాంకులు బండ్ల మీద అలాగే ఉండిపోయాయి. వాటికి అసలు గండం ఇంకో దిక్కు నుంచి వచ్చింది.

పెట్రోలులో ఆల్కహాలు కలపడం కొత్త సంగతి కాదు. బ్రిటన్‌లో క్లీవ్‌లాండ్ కంపెనీ డిస్కాల్ పేరుతో ఆల్కహాలు కలిపిన పెట్రోలును 1928 నుంచి దాదాపు నలభై ఏళ్లు అమ్మింది. మన దేశంలో స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదే, 1948లో, పవర్ ఆల్కహాల్ చట్టం చేశారు. చక్కెర మిల్లుల మొలాసిస్ నుంచి తీసిన ఆల్కహాలును మోటారు ఇంధనంలోకి మళ్లించడం దాని ఉద్దేశం. ఆ చట్టం 2000లో రద్దయింది. అయితే జీటీ, కమాండో పుట్టిన రోజుల్లో చాలా బంకుల్లో దొరికింది ఆల్కహాలు లేని పెట్రోలే. ట్యాంకులు పోసినవాళ్లు దాన్ని లెక్కలో పెట్టుకునే రెజిన్ ఎంచుకున్నారు.

లెక్క తప్పిందని మొదట గట్టిగా తెలిసింది పడవలవాళ్లకు. భూగర్భ జలాలను కలుషితం చేస్తోందని ఎంటీబీఈ అనే రసాయనాన్ని అమెరికాలోని న్యూయార్క్, కనెక్టికట్ రాష్ట్రాలు 2004లో పెట్రోలు నుంచి తప్పించాయి. దాని చోట 10 శాతం ఇథనాల్ అనే ఆల్కహాలు వచ్చింది. కొన్నాళ్లకే అక్కడి పాత పడవల ఇంజిన్లు మొరాయించడం మొదలైంది. విప్పి చూస్తే వాల్వుల మీద నల్లటి తారులాంటి మడ్డి. పడవల ఫైబర్‌గ్లాస్ ట్యాంకుల రెజిన్ కరిగి, పెట్రోలుతో పాటు ఇంజిన్‌లోకి చేరింది.

మోటార్‌సైకిళ్లలోనూ జరిగేది అదే. పాలిస్టర్ రెజిన్ గట్టిపడేటప్పుడు దాని పొడవాటి అణువులను స్టైరీన్ అనే రసాయనం ఒకదానితో ఒకటి ముడివేస్తుంది. ముడి సరిగ్గా పడని భాగాలు ఎప్పుడూ కొంత మిగులుతాయి. ఇథనాల్ అణువు చిన్నది. అది ఆ సందుల్లోకి దూరి రెజిన్‌ను ఉబ్బిస్తుంది, మెత్తబరుస్తుంది, ముడిపడని పదార్థాన్ని బయటికి లాగుతుంది. ముందుగా పైన రంగు పొక్కులు లేస్తుంది. తర్వాత పెట్రోలు మూత బిగుసుకుపోతుంది, ఎందుకంటే ట్యాంకు మెడ ఉబ్బి ఉంటుంది. కింద కుళాయి బిగించిన చోట తడి కనిపిస్తుంది. కార్బ్యురేటర్ విప్పితే జెట్ల మీద గోధుమరంగు జిగురు. రాత్రి బండి ఆపినప్పుడు వాల్వు కాడకు పట్టిన ఆ జిగురు చల్లారి గట్టిపడుతుంది. తెల్లారి కిక్ కొడితే వాల్వు కదలదు, పుష్‌రాడ్ వంగుతుంది.

ఇందులో గాజుపీచు దోషమేమీ లేదు. అమెరికా పెట్రోలు బంకుల్లో నేల కింద ఫైబర్‌గ్లాస్ ట్యాంకులు 1965 నుంచి ఉన్నాయి. 1980ల నుంచి ఆల్కహాలును తట్టుకునే రెజిన్లతో చేసినవి ఇథనాల్‌ను నిశ్చింతగా మోస్తున్నాయి. వినైల్ ఎస్టర్, నోవోలాక్ ఎపాక్సీ వంటి రెజిన్లలో అణువుల అల్లిక బిగువు. అరవైల నాటి మామూలు పాలిస్టర్‌కు ఆ బిగువు లేదు. అప్పట్లో దాని అవసరం ఎవరికీ కనిపించలేదు.

2021 సెప్టెంబరులో బ్రిటన్ మామూలు పెట్రోలును ఈ10గా, అంటే 10 శాతం దాకా ఇథనాల్ కలిసినదిగా, మార్చినప్పుడు, పాత వాహనాల్లో కొన్నింటికి ఇది పడదని ప్రభుత్వమే చెప్పింది. వాటి కోసం సూపర్ గ్రేడులో ఇథనాల్‌ను 5 శాతానికి మించనివ్వలేదు. యజమానులు తమ జాగ్రత్తలు తాము తీసుకుంటున్నారు. కొందరు ట్యాంకు లోపల నోవోలాక్ ఎపాక్సీ పూత వేయిస్తారు. పాత పూతల్లో కొన్నింటిని ఇథనాల్ ఒలిచేస్తుంది కాబట్టి ముందు వాటిని పూర్తిగా తీసేయాలి. లోపలి గోడ ఎండి, శుభ్రపడి, గరుకు తేలితే తప్ప కొత్త పూత పట్టదు. ఇంకొందరు అసలు ట్యాంకును అటక మీద భద్రపరచి, అదే ఆకారంలో అల్యూమినియం ట్యాంకు చేయించుకుని బండి తిప్పుతారు. ఈ రెండో దారే మేలు. ఒరిజినల్ ట్యాంకులు మళ్లీ పుట్టవు, ఇంధనమేమో నానాటికీ మారుతోంది.

మన దగ్గర ఆ మార్పు ఇంకా వేగంగా జరిగింది. 2003 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌తో సహా తొమ్మిది రాష్ట్రాల్లో 5 శాతంతో మొదలైన మిశ్రమం, 2022 జూన్‌కు దేశమంతటా సగటున 10 శాతానికి చేరింది. 2023 ఫిబ్రవరిలో ఈ20 విడుదలైంది. 2030 నాటి 20 శాతం లక్ష్యాన్ని ముందుకు జరిపి 2025లోనే అందుకున్నారు. మన పాత బుల్లెట్లు, జావాలు, రాజ్‌దూత్‌ల ట్యాంకులు రేకువే కాబట్టి అవి కరగవు. వాటికి పొంచి ఉన్నది నీళ్ల ముప్పు. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది. 10 శాతం మిశ్రమంలో లీటరుకు దాదాపు 5 మిల్లీలీటర్లు మించి నీరు చేరితే అది ఇథనాల్‌ను వెంటబెట్టుకుని అడుగుకు దిగిపోతుంది. కోస్తా ఉక్కపోతలో నెలల తరబడి సగం ట్యాంకుతో నిలిపిన బండికి తుప్పు అక్కడే మొదలవుతుంది. పాత రబ్బరు పైపులు, వాషర్లు కూడా మెత్తబడతాయి. బండిని నిలిపేయదలిస్తే ట్యాంకు, కార్బ్యురేటర్ ఖాళీ చేయడం, పైపులు కొత్త రకానివి వేయించడం తప్పనిసరి.

జీటీ పేరును రాయల్ ఎన్‌ఫీల్డ్ 2013లో చెన్నై నుంచి మళ్లీ తెచ్చింది. కొత్త బండి ట్యాంకు ఉక్కుది. 1960ల జీటీని పునరుద్ధరించేవాళ్లు మాత్రం ఇంకా ఫైబర్‌గ్లాస్ కావాలంటారు. ఆ వంపులు అచ్చులో పుట్టినవి కాబట్టి ఆ కోరిక న్యాయమైనదే. వాళ్లకు కొత్త ట్యాంకు పోసే పనివాళ్లు ఏ రెజిన్ వాడారో, ఏ సంవత్సరం పోశారో ట్యాంకు అడుగునే రాసిపెట్టాలి. బ్రెజిల్ 2025 ఆగస్టులో 30 శాతం ఇథనాల్‌కు వెళ్లింది. మన దేశంలోనూ 20 దాటే ఆలోచనలు నడుస్తున్నాయి. రాబోయే యజమాని బంకులో నిలబడి ట్యాంకు నింపించుకునే ముందు చదువుకోవలసింది ఆ రాతే.