పేరు కలకత్తాది, లెక్క పారిస్‌ది

వాయుగుండం పడిందని రేడియో చెప్పగానే మన తీరంలో పడవలను ఒడ్డుకు లాగేస్తారు. ఆ సుడిగాలికి ‘సైక్లోన్’ అన్న పేరు పుట్టింది లండన్‌లో కాదు, కలకత్తాలో. పెట్టింది హెన్రీ పిడింగ్టన్. మొదట ఓడ కెప్టెన్, తర్వాత అక్కడి మెరైన్ కోర్టుకు అధ్యక్షుడు.

తుఫానులో చిక్కి బయటపడ్డ ఓడల లాగ్‌బుక్కులు తెప్పించుకుని, ఏ వేళకు గాలి ఎటు నుంచి కొట్టిందో పోల్చి చూసేవాడు. గాలి నేరుగా కాక చుట్టలు తిరుగుతోందని తేలింది. 1848లో నావికుల కోసం వేసిన పుస్తకంలో, పాము చుట్టకు వాడే గ్రీకు మాట నుంచి ఆ పేరు తీశాడు. 1789లో మన కోరంగిని మూడు కెరటాలు ముంచేసిన ఉదంతమూ అందులో ఉంది. పుస్తకంతో పాటు, అడుగునున్న పటం కనపడేంత పల్చగా గీసిన కొమ్ము రేకులు ఇచ్చాడు. వాటి మీద వలయాలు, గాలి దిక్కుల గుర్తులు. పటం మీద రేకు పెట్టి, తన ఓడకు తగిలే గాలితో గుర్తు కలిపితే తుఫాను కన్ను ఎటుందో కెప్టెన్‌కు తెలిసిపోతుంది. భూమధ్యరేఖకు ఉత్తరాన ఒక రేకు, దక్షిణాన ఇంకొకటి. ఎందుకంటే సుడి అటొకలా, ఇటొకలా తిరుగుతుంది.

ఎందుకలా? ఆ లెక్క 1835లోనే పారిస్‌లో అచ్చయింది. రాసిన కొరియోలిస్‌కు తుఫానుల ధ్యాసే లేదు, ఆయన గొడవంతా తిరిగే యంత్రాలది. రంగులరాట్నం ఎడమకు తిరుగుతుండగా ఎదుటివాడికి బంతి విసరండి. కింద నిలబడ్డవాళ్లకు అది తిన్నగానే పోతుంది, రాట్నం మీదున్న మీకు మాత్రం కుడికి వంగిపోతుంది. ఉత్తరార్ధగోళంలో మనమూ అలాంటి రాట్నం మీదే ఉన్నాం. అల్పపీడనం వైపు నలుదిక్కుల నుంచి దూసుకొచ్చే గాలి కుడికి తప్పుకుంటుంది, నడిమధ్యకు చేరలేక గడియారం ముల్లుకు ఎదురు తిరుగుతుంది. గాలులకు ఈ లెక్క వేసినవాడు అమెరికాలో బడిపంతులు ఫెరెల్, 1856లో. అచ్చేసింది, నమ్మండి, ఒక వైద్య పత్రిక.

ఈ భూమి రాట్నం తిప్పుడు అన్నిచోట్లా ఒకేలా ఉండదు. కలకత్తాలో పొడవాటి తాడుకు గుండు కట్టి ఊపితే, అది ఊగే దిశ గంటకు సుమారు 5.8 డిగ్రీలు కుడికి జరుగుతుంది. కోరంగిలో 4.4 లోపే. భూమధ్యరేఖ మీద సున్నా. అందుకే అక్కడ తుఫాను సుడి కట్టదు.

1853లో బెంగాల్‌లోని మాతలా నది ఒడ్డున కొత్త రేవు కడతామంటే, ఉప్పెన ముంచేస్తుందని పిడింగ్టన్ గవర్నర్ జనరల్‌కు లేఖ రాశాడు. అయినా కట్టారు, కానింగ్ అని పేరు పెట్టారు. 1867 నవంబరులో ఉప్పెన వచ్చి రేవు మీద పడింది. అప్పటికి ఆయన పోయి తొమ్మిదేళ్లు.