లివింగ్ గ్రేహాక్: వేలమంది ఆడిన ఒకే కథ

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల డంజియన్స్ అండ్ డ్రాగన్స్ వచ్చినప్పుడు అది ఒక బల్ల చుట్టూ కూర్చున్న కొద్దిమంది ఆట. ఈ బల్ల మీది కథకూ పక్క బల్లకూ సంబంధం లేదు. 1980లో పుట్టిన ఆర్‌పీజీఏ అనే ఆటగాళ్ల సంఘం వాటిని కలిపింది: 1987లో లివింగ్ సిటీ, 2000లో లివింగ్ గ్రేహాక్ అనే ఉమ్మడి కథలతో.

డల్లాస్‌లో ఉద్యోగం చేస్తూ నేను చేరింది ఈ రెండోదానిలో. గ్రేహాక్ అనే కల్పిత లోకపు రాజ్యాలను నిజమైన ప్రాంతాలకు పంచిపెట్టారు. ఒహాయోకి వెలూనా, మిషిగన్‌కి ఫ్యూరియాండీ, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లకు పెరెన్‌లాండ్. టెక్సాస్, దాని ఇరుగుపొరుగున ఉన్న కొన్ని రాష్ట్రాలకు దక్కింది బ్యాండిట్ కింగ్‌డమ్స్. దొంగల రాజ్యమైనా మాకది సొంత ఊరే.

ప్రతి రాజ్యానికీ ముగ్గురు నిర్వాహకులు; వాళ్లనే ట్రయాడ్ అనేవారు. జీతం లేదు. అయినా కథలు రాయించేవారు, దిద్దేవారు, మేం గెలిచామో ఓడామో కనుక్కుని తర్వాతి కథ మలిచేవారు. వాళ్ల ఓపికకు నేనిప్పటికీ రుణపడి ఉన్నాను.

ఒక్కో ఆటగాడి పాత్రకు ఏడాదికి ఖర్చుపెట్టడానికి 52 కాలప్రమాణాలు ఉండేవి. సొంత రాజ్యంలో సాహసానికి ఖర్చు తక్కువ, పరాయి రాజ్యంలో ఎక్కువ. ఆట ముగిశాక దాన్ని నడిపినవారు ఒక కాగితం మీద సంతకం చేసిచ్చేవారు. సంపాదించిన బంగారం, అనుభవం అన్నీ అందులోనే. ఆ కాగితం పట్టుకుని ఏ ఊరి బల్ల దగ్గరికి వెళ్లినా కుర్చీ వేసేవారు. పాత్ర చనిపోతే ఆ చావు అన్ని ఊళ్లలోనూ చెల్లేది.

2008లో, డంజియన్స్ అండ్ డ్రాగన్స్ నాలుగో ఎడిషన్ రావడంతో, లివింగ్ గ్రేహాక్ ముగిసింది. ఆ కాగితాలు మీ అటక మీద ఉంటే దయచేసి పారేయకండి.